గాలిని వెనక్కి తోసే చెక్క

ఆ ఏడు చెరువులో నీళ్లుండి ఉంటే మస్తాన్ సాబు మా ఇంటికి వచ్చేవాడే కాదు.

అది రెండువేల మూడు, ఎండాకాలం. పుంగనూరు దాటి గంగవరం దోవన పోతే ఒక పెద్ద చెరువు. వరసగా మూడేండ్లు సరైన వాన లేక అడుగంతా ఎండిపోయి, గొర్రెల మందలు తొక్కీ తొక్కీ చాప పరిచినట్లు చదునైంది. అంత పొడుగు నేల సాబుకు ఇంకెక్కడా దొరకలేదు. దాని మీద తన విమానాన్ని పరిగెత్తించాలని ఆయన కోరిక.

విమానమంటే పెద్దగా అనుకోవద్దు. ఆటో కన్నా కాస్త పొడుగు. ఇనుప గొట్టాలు, వాటి మీద బిగించి కుట్టిన గుడ్డ, మూడు చక్రాలు, ముందూ వెనకా రెండు సీట్లు. సాబు వైమానిక దళంలో ఇరవై రెండేండ్లు ఇంజిన్లు విప్పి బిగించే పని చేసి, తర్వాత సొంతూరు పుంగనూరు వచ్చేసి మోటార్లు బాగుచేసే అంగడి పెట్టుకున్నాడు. ఆ అంగడి వెనక రేకుల షెడ్డులో ఆరేండ్లుగా దాన్ని కడుతున్నాడు. ఆకాశంలోకి పోవాలంటే ఢిల్లీ నుంచి కాగితం రావాలంట. అది వచ్చేలోపు నేల మీదనే నడిపి చూసుకోవాలి. అన్నీ కుదిరినాయి, ముక్కు దగ్గర తిరిగే రెక్కల చెక్క ఒక్కటి లేదు. కొనాలంటే దేశం కాని దేశం నుంచి రావాలి. వాల్మీకిపురంలో ఎవరింట్లోనో మా ఆయన చేసిన తలుపు చూసి, ఈ చెయ్యి ఎవరిదని అడుక్కుంటా మదనపల్లెలో మా వీధికి వచ్చినాడు.

మా ఆయన పేరు ధనుంజయ. వడ్రంగి పని వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడు. చీరలు నేసే మగ్గాల నీరుగట్టువారిపల్లె పక్కన మా ఇల్లు. ముందు గది పనికి, వెనక గది మాకు. ఆయన, నేను, మా అత్త కృష్ణమ్మ, పదకొండు నెలల పాప. నాకప్పుడు ఇరవై ఒకటి. కుప్పంలో ఎనిమిదో తరగతి సగంలో ఉండగా బడి మాన్పించినారు. పెండ్లయినంక ఈ ఊరొచ్చినాను. పాప పుట్టినప్పటి నుంచి నాకు భయం ఎక్కువైంది. మేకు, ఉలి, జిగురు డబ్బా, నేల మీద ఏది కనిపిస్తే అది పాప నోట్లోకి పోతుందని రోజుకు పదిసార్లు ఊడ్చేదాన్ని. మా అత్త నవ్వేది. "మే అమరా, ఇట్లే ఊడ్సు. ఆ నేల అరిగి నీళ్లు పడితే మనకు బోరు అక్కర్ల్యా."

సాబు పది అట్టముక్కలు తెచ్చినాడు. చెక్క మొత్తం ఐదడుగుల పొడుగు. నడుమ ఇంజిన్‌కు బిగించే బొక్క, అటు ఒక రెక్క, ఇటు ఒక రెక్క. ఐదు పలకలు ఒకదాని మీద ఒకటి జిగురుతో అతికించి ఆ దిమ్మెను చెక్కాలి. రెక్క ఏ తావులో ఎంత ఏటవాలుగా ఉండాలో ఒక్కో అట్టముక్క ఒక్కో కొలత చెబుతుంది. ఒక పక్క చదును, ఇంకో పక్క కొంచెం పొట్ట. అట్టముక్కలన్నీ ఒక రెక్కకే ఉన్నాయి. రెండోది గూడా అట్లే అని చెప్పి బస్సుకు టైమవుతుందని వెళ్లిపోయినాడు.

ఆ మాటను మా ఆయన తన పనికి తగినట్లు అర్థం చేసుకున్నాడు. జత తలుపులు చేసేవాడికి ఎడమది కుడిదాన్ని అద్దంలో చూసినట్లు ఉండాలి. మంచం తలవైపు చెక్కే నెమళ్లు రెండూ ఒకదాన్నొకటి చూసుకోవాలి. అందుకని రెండో రెక్కకు అట్టముక్కలన్నీ తిరగేసి పెట్టి గీసుకున్నాడు. పదకొండు రోజులు చెక్కినాడు. పగలగొట్టిన పాత ఇంటి టేకు దూలాలు, చేవ ఎర్రగా దేలి ఉన్న చెక్క. పాలిషు పెట్టినంక మగ్గాల వాళ్లందరూ వచ్చి చూసి పోయినారు. ఒకాయన దీన్ని దేవుని గదిలో పెట్టుకోవచ్చు అన్నాడు.

నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. చిన్నప్పుడు కుప్పంలో మేము కొబ్బరాకుతో గిరక చేసి, పుల్లకు గుచ్చి, గాలికి ఎదురుగా పరిగెత్తేవాళ్లం. పాపకు అట్లాంటిదే ఒకటి చేసిచ్చినాను. దాన్ని సగం చుట్టు తిప్పితే ఒక కొస వచ్చి రెండో కొస ఉన్న తావులో అట్లే కూర్చుంటుంది. మెలిక ఒకే దిక్కుకు. మా ఆయన చేసినదాన్ని సగం చుట్టు తిప్పి చూస్తే అట్లా కుదరలేదు. కానీ విమానం సంగతి నాకేం తెలుసు, చదువుకున్నాయన కొలతలు ఇచ్చినాడు కదా అని ఊరుకున్నాను.

సాబు వచ్చినాడు. దాన్ని రెండు చేతుల్లోకి తీసుకొని, మాషా అల్లా ఏం పని, అని మెచ్చుకుంటూనే ఒక కొస నుంచి ఇంకో కొసకు చూసి ఆగిపోయినాడు. మెల్లగా బల్ల మీద పెట్టినాడు.

"ఆచారీ, ఇంట్లో ఫ్యాను ఉండాదా?"

ఉందన్నాడు మా ఆయన.

"అది గాలిని కిందికి తోస్తాది. తోసేటప్పుడు గాలి గూడా ఫ్యాన్ను పైకి తోస్తాది. తిరిగే ఫ్యాను కొక్కీకి బరువు తక్కువ పడతాది, సూడాలంటే కాటా కట్టి సూడు. అదే మాదిరి దాన్ని నిలబెట్టి విమానం ముక్కుకు బిగిస్తే గాలిని వెనక్కి తోస్తాది. బండి ముందుకు పోతాది. ఇందులో మంత్రమేం ల్యా. నువ్వు చేసిన దాంట్లో ఒక రెక్క వెనక్కి తోస్తాది, ఇంగొగటి ముందుకు తోస్తాది. రెండూ కొట్లాడుకోని బండి ఉన్న తావునే వణకతాది."

"సంసారం మాదిరి" అంది మా అత్త గడప దగ్గర నుంచి. ఎవరూ నవ్వలేదు.

మా ఆయన ముఖం నల్లబడింది. అడగాలని అడిగినట్లు, రెక్క మొదట్లో అంత మెలిక, కొసలో అంత తక్కువ ఎందుకని అడిగినాడు. సాబు ఓపికగా చెప్పినాడు. కళ్లంలో రాగులు తొక్కే ఎద్దుల వరసలో గుంజ పక్కనుండే ఎద్దు నాలుగడుగులు వేసేలోపు బయటి ఎద్దు ఇరవై అడుగులు వెయ్యాలి కదా, రెక్క కొస కూడా అట్లా బయటి ఎద్దు, అది ఎక్కువ దూరం పరిగెత్తుతుంది కాబట్టి దానికి తక్కువ మెలిక చాలు, రెక్క మొత్తం ఒక చుట్టుకు ఒకే దూరం గాలిలోకి దూరాలి, చెక్కలోకి మర దిగినట్లు, అని. నేను పాపను ఎత్తుకొని తలుపు చాటున నిలబడి విన్నాను. మర అనేసరికి మా ఆయన తలెత్తినాడు. ఆయనకు అర్థమైంది. నాకు అంతకు ముందే అర్థమైంది, నోరు తెరవలేదు. ఆ సంగతి ఈరోజు వరకు ఆయనకు చెప్పలేదు.

పోయేటప్పుడు సాబు ఇంకొక మాట చెప్పినాడు. తాను పనిచేసిన చోట ఒకసారి ఇట్లాంటి చెక్క రెక్క తిరుగుతా తిరుగుతా కొస విరిగిందంట. అరచెయ్యంత ముక్క. అది షెడ్డు రేకును చీల్చుకొని అవతల గోడకు దిగబడిందంట. ఒక రెక్క పోయేసరికి ఇంజిన్ వణికి వణికి బోల్టులు తెంచుకుందంట.

"నిమిషానికి రెండున్నర వేల చుట్లు, ఆచారీ. సెక్కలో తప్పుంటే అది ముందు సెప్పదు. తిరిగేటప్పుడే సెప్తాది."

వీధిలో మాట పాకింది. టీ అంగడి కాడ మా ఆయనను ఎవరో, ఏమప్పా ధనుంజయా, నీ విమానం ఒక కాలు మదనపల్లెకు ఒక కాలు పుంగనూరుకు పెడతాదంట గదా అన్నారు. ఆయన టీ సగంలో పెట్టి వచ్చేసినాడు. ఆ రోజు నుంచి తల దువ్వుకోవడం కూడా మర్చిపోయి పనిలో పడినాడు.

రెండో చెక్క మొత్తం కొత్తగా చెయ్యడానికి మంచి టేకు నాలుగు పలకలకే సరిపోయింది. ఐదోది దూలం అంచున తీసింది, ఒక పక్క ఎరుపు, ఒక పక్క చేవ లేని తెలుపు. జూన్ నెల వచ్చేసింది. ఒక పెద్ద వాన పడితే చెరువు అడుగు బురదవుతుంది, తొందరగా కానీ అని సాబు రెండుసార్లు కబురు పంపినాడు. మా ఆయన ఆ పలకను నడుమ పెట్టి అతికించినాడు. చెక్కుతా పోతే ఒక రెక్క వెనక అంచున, కొసకు ఒక అడుగు ఇవతల, ఆ తెల్లచెక్క బయటపడింది. అందులో గుండుసూది తలంత బొక్కలు మూడు.

ఆయన వాటిని కొంచెం వెడల్పు చేసి, "మే, లప్పం కలుపు" అన్నాడు. జిగురులో రంపప్పొట్టు వేసి కలిపేది ఎప్పుడూ నేనే. కలిపిచ్చినాను. నింపి, ఆరనిచ్చి, ఉప్పుకాగితం పట్టి, పైన పాలిషు వేస్తే బొక్కలు ఎక్కడ ఉండినాయో చేసిన మనిషికి తప్ప తెలియదు. ఇనుప కడ్డీకి గుచ్చి రెండు కుర్చీల మీద పెడితే ఏ రెక్కా కిందికి వాలకుండా పడుకున్నట్లు నిలిచింది. సాబుకు ఫోను చేసినాడు. వచ్చే ఆదివారం పెట్టుకుందాం అన్నాడు సాబు.

ఆ రోజే మా అత్త ఆనవాయితీ సంగతి ఎత్తింది. మా మామ కాలం నుంచీ ఈ ఇంట్లో ఉంది. ఎద్దులబండి చేసి అప్పజెప్పేటప్పుడు టెంకాయ కొట్టినంక, చేసినవాడు తన బిడ్డను ఒళ్లో పెట్టుకొని ముందు ఎక్కాలి. పొలిమేర దాకా పోయి రావాలి. అప్పుడే కొన్నవాడు ఎక్కుతాడు. నా పనిలో లోపం లేదని నోటితో చెప్పకుండా చెప్పడం అది. మా ఆయనను కూడా చిన్నప్పుడు అట్లా ఎన్ని బండ్లు ఎక్కించినారో.

"పాపను ఎత్తుకోని నేను వెనక సీట్లో కూసుంటా. సాబు నడుపుతాడు" అన్నాడు మా ఆయన. చాలా రోజులకు ఆయన ముఖంలో వెలుగు చూసినాను. టీ అంగడి వాళ్లను కూడా రమ్మని పిలిచినాడంట.

బుధవారం పొద్దున, పొయ్యి మీద పాలు పెట్టి ముందు గదిలోకి వస్తే, పాప పాక్కుంటా పోయి బల్ల కింద కూర్చొని వేలు నాకుతోంది. వేలికి పిండి. ఎత్తుకొని నోరు తుడిచినాను. నేల మీద రాగిపిండి కన్నా మెత్తగా, పసుపుపచ్చగా, చిటికెడు పొడి కుప్పగా రాలి ఉంది. ఉప్పుకాగితం పొడి గరుకుగా, చెదిరినట్లు పడుతుంది. పైగా ముందు రోజు సాయంత్రం నేను ఊడ్చి, తడిగుడ్డతో తుడిచినాను. పైకి చూసినాను. బల్ల అంచు దాటి రెక్క బయటికి ఉంది. పొడి రాలిన తావుకు నేరుగా పైన లప్పం పెట్టిన చోటు. దాని పక్కనే కొత్తగా ఇంకొక బొక్క.

చింతపండు డబ్బాలో, పప్పుల్లో పురుగు పడితే ఆడవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. లోపల బతికి తింటోంది.

పొడిని కాగితంలో పొట్లం కట్టి, ఆయన అన్నం తిన్నంక చూపించినాను.

"ఉప్పుకాగితం పొడి" అన్నాడు.

"నిన్న తుడిచినా మామా. ఇది తెల్లారేసరికి రాలింది."

"పాత సెక్క. రాలతాది."

"లప్పం పెట్టిన తావు కిందనే యాల రాలతాది?"

ఆయన పొట్లం మడిచి నా చేతిలో పెట్టినాడు. "సోఫా కాళ్లకు పెట్టేది అదే లప్పం. ద్వారబంధాలకు పెట్టినా. ఇంతవరకు ఒగటి ఊడిందా?"

"సోఫా కాలు తిరగదు గదా."

"ఎనిమిదో తరగతి సదివి నాకు సెప్తాండావా?"

ఆయన చదివింది ఐదు. అది అనలేదు. సాబుకు ఒక మాట చెప్పి ఇంకొక పలక తెచ్చుకుందాం అన్నాను. ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. "ఒగసారి నవ్వినారు. రెండోసారి నవ్వితే నేను ఈ వీధిలో ఉలి పట్టను" అన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఆ నిదానమే నన్ను భయపెట్టింది.

కుప్పం పోయి మా అమ్మ దగ్గర నాలుగు రోజులు ఉంటానని అడగాలనుకున్నాను. బట్టలు కూడా తీసినాను. పాప తప్పించుకుంటుంది. ఆయన ఎక్కుతాడు, సాబు ఎక్కుతాడు. ఎక్కేవాళ్లలో ఒకరికి తెలుసు, ఇంకొకరికి తెలియదు. తెలిసినవాడు తెలియనట్లు ఉండాలని నిర్ణయించుకున్నాడు. బట్టలు మళ్లీ పెట్టెలో పెట్టేసినాను.

శుక్రవారం ఆయన నిమ్మనపల్లెలో కిటికీలు బిగించడానికి పోయినాడు. మా అత్త పాపను ఎత్తుకొని పక్కింటికి పోయింది. నేను సన్న ఉలి తీసుకొని బల్ల ముందు కూర్చున్నాను.

లప్పం తొందరగానే వచ్చేసింది. దాని వెనక సందు ఉంది. ఉలి కొసను ఆ సందులోనే పెట్టి, కొంచెం కొంచెంగా పైచెక్క లేపుకుంటా పోయినాను. చిటికెన వేలంత పొడుగు ఉంటుందనుకున్నాను. అది రెక్క మొదలు దిక్కుకు పోయింది, పక్కకు తిరిగింది, మళ్లీ ముందుకు పోయింది. జానెడు తెరిచినంక ఆగినాను. సందు నిండా పిండి. చివరన బియ్యపు గింజంత తెల్లపురుగు. ఆ రెక్కను బొటనవేలితో నొక్కితే ఆ తావులో లోపలికి దిగింది. పాలిషు మాత్రం అద్దంలా మెరుస్తోంది.

ఉలి తుడిచి దాని చోట పెట్టినాను. పోయి పొయ్యి ముట్టించి సంగటికి ఎసరు పెట్టినాను.

మా అత్తే ముందు చూసింది. కొంప ముంచితివి గదే, వాడు నిన్ను సంపేస్తాడు, అని నెత్తిన చేతులు పెట్టుకుంది. మధ్యాహ్నం దాటి ఆయన వచ్చినాడు. బల్ల మీదికి వంగి ఆ సందును కొస దాకా చూసినాడు. నన్ను కొట్టలేదు. సంగటి తినలేదు. చొక్కా వేసుకొని ఎస్టీడీ బూతుకు పోయినాడు. మా అత్త వెనకనే పోయి విని వచ్చి నాకు చెప్పింది. మా ఇంటిది సుబ్బరం చేస్తా ఉలి తగిలించి పాడు చేసింది సాబూ, అని చెప్పినాడంట.

సాయంత్రానికి వీధి అంతా నా మీద పడింది. కొళాయి దగ్గర ఒకామె, అమరావతి చేతికి ఉలి దొరికితే విమానం గూడా కట్టెల పొయ్యికి పోతాది, అంది. ఆయన నెత్తి మీది బరువు నా నెత్తికి వచ్చింది. మోయడం కష్టం కాలేదు. ఆదివారం గడిచిపోతే చాలనుకున్నాను. కానీ ఆ రెక్క ఇంట్లోనే ఉంది. లప్పం డబ్బా ఉంది. తెరిచినదాన్ని మళ్లీ పూడ్చడం ఆయనకు ఒక పూట పని. ఇప్పుడు అంత పొడుగునా పూడ్చి పెట్టినా పగిలినచోట అతికినామంటే సాబు నమ్ముతాడు. 

శనివారం పొద్దున్నే సాబు దిగినాడు. చెప్పకుండా వచ్చినాడు. అతుకు వేస్తే సరిపోతుందేమో చూద్దామని వచ్చినాను అన్నాడు. కళ్లద్దాలు పెట్టుకొని రెక్కను వెలుతురులోకి తిప్పుకున్నాడు. మా ఆయన గోడకు ఆనుకొని నిలబడినాడు. మా అత్త పాపను జోకొడుతోంది.

"ఎట్లా తగిలింది అమ్మా?" అని నన్ను అడిగినాడు.

"ఉలి జారింది సాబూ" అన్నాను.

ఆయన ఆ సందు వెంబడి వేలు పెట్టి మెల్లగా పోనిచ్చినాడు. ముందుకు, పక్కకు, మళ్లీ ముందుకు. వేలు కొసకు అంటిన పిండిని గోరుతో తీసి చూసినాడు.

"జారిన ఉలి పురుగు దారెంబడి పోదమ్మా" అన్నాడు.

 మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. నేను నేల చూస్తున్నాను. సాబు కూడా మా ఆయన దిక్కు తిరగలేదు, రెక్కనే చూస్తున్నాడు. ఆయన అట్లా తిరగకపోవడమే మంచిదయింది.

"నేను పూడ్సినా సాబూ" అన్నాడు మా ఆయన. "అది ముందే సెప్పింది. నేనే ఇనల్యా."

సాబు కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. తొందరపెట్టింది నేను, అందులో నాకూ వాటా ఉండాది, అన్నాడు. మా అత్త టీ పెట్టింది. తాగి, లారీ అడ్డా దగ్గర తనకు తెలిసినాయన పాత రైస్‌మిల్లు పడగొట్టిస్తున్నాడని, ఆ దూలాల్లో ఒకటి పంపిస్తానని చెప్పి పోయినాడు. రెక్కను తనతో తీసుకుపోలేదు. మా ఆయన దాన్ని పెరట్లోకి తీసుకుపోయి రంపంతో మూడు ముక్కలు చేసినాడు.

మూడోది చేసిన పద్దెనిమిది రోజులూ ఆయన నాతో మాట్లాడిన మాటలు లెక్కబెట్టొచ్చు. నీళ్లు. ఉప్పుకాగితం. పాప ఏడస్తాండాది సూడు. కోపమా, సిగ్గా, నాకు తెలియలేదు. దూలం వచ్చినప్పుడు నన్ను పిలవలేదు. పలకలు కోసినాడు, అతికించినాడు, చెక్కినాడు. ఆయనను అడగకుండానే, పొడి రాలితే తెలిసేట్టు చెక్క కింద నా పాత నల్లరవిక కుట్లు విప్పి పరిచి పెట్టినాను. ప్రతి పొద్దునా దాన్ని వెలుతురులో పట్టుకొని చూసేదాన్ని. ఆయన చూస్తూ ఉండేవాడు. తియ్యమనలేదు. ఒక్కరోజు కూడా దాని మీద పొడి రాలలేదు. పాలిషుకు ముందు ఒక కొస నుంచి ఇంకో కొసకు వేళ్లతో తడిమినాను, గోటితో తట్టినాను. మొత్తం ఒకే చప్పుడు.

జూలై రెండో వారంలో చెరువుకు పోయినాం. మబ్బులు పట్టి ఉన్నాయి, గాలి మాత్రం లేదు. పుంగనూరు నుంచి పిల్లలు, చింతపండు మండీ వాళ్లు, సాబు భార్య మసూదమ్మ, మా వీధి నుంచి టీ అంగడి వాళ్లు, అందరూ గట్టు మీద. సాబు ముందు పరీక్ష చూపించినాడు. విమానం తోకను తాడుతో ఒక ట్రాక్టరుకు కట్టి, తాడు నడుమ మండీలో బస్తాలు తూచే వేలాడే కాటా తగిలించినాడు. ఇంజిన్ స్టార్టు చేసినాక రెక్కలు కనిపించకుండా పోయినాయి. తాడు బిగుసుకుంది. కాటా ముల్లు నలభై కిలోలకు వచ్చింది, డెబ్బై దాటింది. తోక వెనక నిలబడిన వాళ్ల తుండ్లు ఎగిరిపోయినాయి, దుమ్ము ట్రాక్టరును కప్పేసింది. ముల్లు నూట పద్దెనిమిది దగ్గర నిలిచింది.

నేను ఆ ముల్లునే చూస్తున్నాను. కంటికి కనిపించని గాలిని ఆ చెక్క వెనక్కి తోస్తోంది. ఆ తోపు అంతా ముందుకు లాగే బలమై, బస్తాన్నర చింతపండు వేలాడగట్టినట్లు కాటా మీద పడింది. ఐదడుగుల చెక్క. విరగలేదు. చప్పుడులో మార్పు లేదు.

ఇంజిన్ ఆపి తాడు విప్పినారు. టెంకాయ కొట్టినారు. సాబు ముందు సీట్లో కూర్చున్నాడు. మా అత్త నా చంకలో ఉన్న పాప దిక్కు చూపించి, "ధనుంజయా, బిడ్డను తీసుకోరా" అని కేక వేసింది. అందరూ మా వైపు తిరిగినారు.

నా చెయ్యి పాప నడుము చుట్టూ బిగుసుకుంది. చెక్కలో తప్పు లేదని నాకు తెలుసు. అయినా బిగుసుకుంది.

మా ఆయన విమానం దగ్గర నుంచి నన్ను ఒకసారి చూసినాడు.

"బిడ్డ ఆడనే ఉండనీమ్మా" అన్నాడు. వెనక సీట్లోకి ఒక్కడే ఎక్కినాడు.

ఎండిన చెరువులో వాళ్లు అవతలి గట్టు దిక్కుకు పోయినారు. మొదట ఎగిరెగిరి పడుతున్నట్లు, తర్వాత సాపుగా. సగం దూరం పోయినంక చక్రాల కింద దుమ్ము లేవడం ఆగింది. నేలకూ చక్రానికీ నడుమ వెలుతురు కనిపించింది. జానెడో, మూరెడో. సాబుకు అంతకన్నా పైకి పోయే కాగితం లేదు. నేను లోపల లెక్కబెట్టినాను, తొమ్మిది వరకు వచ్చింది. మళ్లీ దుమ్ము లేచింది.

తిరిగి వచ్చి ఆయన దిగినాడు. తల నిండా దుమ్ము. టీ అంగడాయన ఏదో అడిగితే ముక్కు చీదుకొని నవ్వినాడు. మదనపల్లె వచ్చేవరకు బస్సులో పాపను ఒళ్లో పెట్టుకొని కిటికీ దిక్కు చూస్తూ కూర్చున్నాడు.

ఎనిమిది రోజులకు వాన పడింది. చెరువు సగం నిండింది. సాబు విమానం మళ్లీ షెడ్డులోకి పోయింది, కాగితం కోసం.

వాన వెలిసిన మరుసటి రోజు ఆయన మంచానికని నాలుగు పలకలు తెచ్చినాడు. వాటిని ముందు గదిలో పెట్టలేదు. వెనక గదిలోకి మోసుకొచ్చి, నేను రాగులు చెరుగుతున్న తావు పక్కన, వెలుతురు పడేట్టు గోడకు ఆనించినాడు.  తుండు భుజాన వేసుకొని టీకి పోయినాడు.

రంపం ఇంకా గోడకే ఉంది, ఒక్క పలకా కోయలేదు. నేను చేట పక్కన పెట్టి, చేతులు దులుపుకొని, మొదటి పలకను నా దిక్కుకు తిప్పుకున్నాను.